మామగారి రైలు, నా పంచర్ కిట్టు

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో ఒక కారు టైరు, ఒక నిశ్చితార్థం, ఒక అల్లుడి పరువు ఒకే మధ్యాహ్నం ప్రమాదంలో పడతాయి. మొదటి రెండూ ఎలాగో బయటపడ్డాయి. మూడోదాని సంగతి మీరే తేల్చుకోండి. నేను తేల్చే స్థితిలో లేను, ఎందుకంటే ఆ అల్లుణ్ణి నేనే.

అప్పటికి నాకు ముప్పై మూడేళ్లు. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని. అంటే పక్కవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి వాళ్ల మధ్యాహ్నాలు పాడుచేయడం నా వృత్తి. "ముందు పరీక్షించండి, ఆ తర్వాతే ముట్టుకోండి" అని కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పేవాణ్ణి. జీతం తీసుకుని మరీ చెప్పేవాణ్ణి.

కాపురం గోపన్‌పల్లిలో, ఓ అపార్ట్‌మెంట్ ఆరో అంతస్తులో. మాది తెనాలి, మా ఆవిడ లావణ్యది సామర్లకోట. ఇంట్లో బల్బు పోయినా, కుళాయి కారినా నాకు తెలిసిన మరమ్మతు ఒక్కటే, ఫోన్ తీసి యాప్ తెరవడం. ఆరేళ్ల కాపురంలో నా చేత్తో నేను బిగించిన వస్తువేదైనా ఉందా అంటే, పచ్చడి సీసా మూత ఉంది. అది కూడా తర్వాత ఎవరికీ ఊడిరాలేదు.

అలాంటి ఇంటికి మా మామగారు సూర్యారావుగారు పది రోజులు ఉండడానికి వచ్చారు. తక్కువ మాట్లాడే మనిషి. బస్సు డిపోలో ఉద్యోగం చేసి రిటైరయ్యారని పెళ్లిచూపుల్లో చెప్పారు. డిపో అనగానే నా బుర్రలో ఒక కిటికీ, దాని వెనక ఒక కుర్చీ, బస్సు పాసుల మీద స్టాంపు గుద్దుతున్న మామగారు కనిపించారు. ఆరేళ్లుగా ఆ బొమ్మ అలాగే ఉండిపోయింది. దాన్ని పరీక్షించాలన్న ఆలోచన నాకు రాలేదు.

ఆయన వచ్చిన రెండో రోజుకే వంటింటి కుళాయి కారడం మానేసింది. నాలుగో రోజుకి పడకగది తలుపు కిర్రుమనడం మానేసింది. వారం తిరిగేసరికి మిక్సీ కూడా మర్యాదగా తిరుగుతోంది. అన్నీ నేను ఆఫీసుకి వెళ్లాకే జరిగేవి. రిటైరైనవాళ్లకి కాలక్షేపం కావాలి కదా అనుకుని ఊరుకున్నాను. కానీ ఒక సాయంత్రం లావణ్య వాళ్లమ్మతో ఫోన్లో అంటున్న మాట నా చెవిన పడింది.

"నాన్న ఉంటే ఇల్లు ఇల్లులా ఉందే అమ్మా."

మరి ఆరేళ్లుగా ఇది ఏమిటట? చెప్పకూడదు గానీ, నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

సరిగ్గా ఆ మర్నాడు, శుక్రవారం, మా ఆఫీసు సెల్లారులో కార్లు పెట్టించే సెక్యూరిటీ అతను నన్ను ఆపాడు. "సార్, మీ ముందట టైర్ల స్క్రూ కుచ్చుకున్నది సూడుండ్రి." వంగి చూశాను. ఎడమవైపు ముందు టైరులో తళతళలాడుతూ స్క్రూ తల. మా వైపు ఏ బిల్డింగ్ చూసినా ఇంటీరియర్ పని నడుస్తూనే ఉంటుంది కాబట్టి రోడ్ల మీద స్క్రూలకి కొదవ లేదు. ఇంకొకరైతే విసుక్కునేవారు. నాకు మాత్రం ఒళ్లు పులకరించింది.

ఎందుకంటే నా డిక్కీలో ఎనిమిది నెలలుగా ఒక పంచర్ కిట్టు ఉంది. ఆన్‌లైన్లో తగ్గింపు పెట్టినప్పుడు కొన్నది. ఇంగ్లీషు టీ అక్షరంలా పిడి ఉండి చిల్లుని గరుకు చేసే బరక సూది ఒకటి, చిల్లులోకి స్ట్రిప్ దూర్చే కంతసూది ఒకటి, తాడుముక్కల్లా ఉండే అయిదు రబ్బరు స్ట్రిప్‌లు, చిన్న ట్యూబులో జిగురు, గాలి కొట్టే బుల్లి పంపు. పెట్టె మీద ఒకాయన నవ్వుతూ టైరు బాగుచేసుకుంటున్నాడు. ఆయన చొక్కాకి మరక కూడా లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రకటించాను. "కారుకి పంచరైంది. రేపు నేనే వేసుకుంటాను."

"నువ్వా?" అంది లావణ్య. వెంటనే నాన్న ఉన్నారని గుర్తొచ్చి, "మీరా అండీ?" అని సవరించుకుంది. వాళ్ల నాన్నగారి ముందు నేను మీరు. ఆయన అటు తిరగ్గానే నువ్వు.

మామగారు ముద్ద కలపడం ఆపి నావైపు చూశారు. ఏదో అనబోయినట్టే అనిపించింది. ఆ తర్వాత, "అలాగేనండి అల్లుడుగారూ" అని ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. గోదావరి వైపు పాతకాలపు మామగారు అల్లుడికి ఎదురు చెప్పడు. అల్లుడు గొడుగు తిరగేసి పట్టుకున్నా "వాన అటునుంచి కూడా రావచ్చులెండి" అంటాడే తప్ప తప్పని అనడు. పిల్లనిచ్చిన రోజు నుంచీ అదొక మర్యాద. మా మామగారు ఆ మర్యాదకి బ్రాండ్ అంబాసిడర్. ఆయన మౌనాన్ని నేను ఆరేళ్లుగా మెచ్చుకోలు కింద జమ కట్టుకుంటూ వచ్చాను.

మర్నాడు శనివారం. సాయంత్రం అయిదున్నరకి లింగంపల్లి స్టేషన్లో మామగారి రైలు. ఆదివారం పొద్దున సామర్లకోటలో ఆయన అన్నగారి మనవరాలు శ్రావణి నిశ్చితార్థం. అన్నగారు లేరు. ఇంటికి పెద్ద మామగారే, తాంబూలాలు ఆయన చేతుల మీదుగానే మారాలి. అమ్మాయికి పెట్టే పట్టుచీర కూడా ఇక్కడే కొన్నాం, అది ఆయన సంచిలోనే ఉంది. అంటే ఆ రైలు తప్పిందంటే అక్కడ పెద్దా ఉండడు, చీరా ఉండదు. ఇంకో రైల్లో బెర్తు దొరికే ఆశ లేదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే మొదలుపెట్టాను.

నాలుగింటికి బయల్దేరాలని నిర్ణయం. రెండున్నరకే కిందికి దిగాను. పంచర్ ఎలా వెయ్యాలో చూపించే ఒక వీడియోలో ఒకాయన నాలుగు నిమిషాల్లో ముగించాడు. నేను కొత్తవాణ్ణి కాబట్టి అరగంట వేసుకున్నాను. ఆ వీడియో ఉదయం నుంచి మూడుసార్లు చూశాను, రెట్టింపు వేగంతో. మొదటి రెండు నిమిషాలూ ఏదో ఉపోద్ఘాతం అనిపించి దాటేశాను.

"నేనూ వస్తానండి. ఒక్కణ్ణీ పైన కూర్చుని చేసేదేముంది" అని మామగారు కూడా దిగారు. సామాను కూడా తెచ్చేసుకున్నారు. మూడు సంచులు, పళ్ల అట్టపెట్టె ఒకటి. పార్కింగ్‌లో ఒక ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

గేటు దగ్గర్నుంచి యాదయ్య వచ్చాడు. యాదయ్య మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, నాగర్‌కర్నూల్ వైపు మనిషి. మనసులో ఉన్నది నోట్లోకి రావడానికి అతనికి రెండు సెకన్లు చాలు.

"ఏం జేస్తున్రు సార్?"

"పంచర్ వేసుకుంటున్నాను యాదయ్యా."

"మీరెందుకు సార్ పరేషాన్? గేటు బైట దుకాణం ఉన్నది. పది నిమిషాల్ల జేసిస్తడు."

"ఎవరి పని వాళ్లు చేసుకోవాలి యాదయ్యా" అన్నాను, మామగారికి వినపడేలా. మామగారు తల ఊపారు.

మామగారు లేచి వచ్చి టైరుని ఒకసారి బొటనవేలితో నొక్కి చూశారు. "గాలి బాగానే ఉన్నట్టుందండి అల్లుడుగారూ."

"పైకి అలాగే అనిపిస్తుంది మామగారూ. దీన్ని స్లో పంచర్ అంటారు. గాలి కొంచెం కొంచెంగా పోతుంది."

"ఆహా. అలాగాండి."

ఆయన ముఖంలో ఆసక్తి కనిపించింది. పాపం, బస్సు పాసుల మనిషికి ఇవన్నీ ఎవరు చెప్తారు? అందుకని ట్యూబ్‌లెస్ టైరంటే ఏమిటో, పాతకాలపు ట్యూబు టైరుకీ దీనికీ తేడా ఏమిటో, లోపల ఉక్కు తీగల అల్లిక ఎలా ఉంటుందో పది నిమిషాలు వివరించాను. మధ్యలో ఆయన రెండు సందేహాలు కూడా అడిగారు. ఎంత శ్రద్ధగా విన్నారంటే, మా టీములో ఎవరూ నా మాట అలా వినలేదు.

"సార్, జర సబ్బు నీళ్లు పోసి సూడుండ్రి" అన్నాడు యాదయ్య. "బుడగలొస్తె పంచర్. రాకుంటె ఫికర్ లేదు, స్క్రూ పీకి పారేసి పోవుడే."

"యాదయ్యా, స్క్రూ కళ్లముందు కనిపిస్తుంటే ఇంక పరీక్ష ఎందుకయ్యా?"

ఈ మాట అన్నది టెస్టింగ్ లీడ్ అని మళ్లీ గుర్తుచేయనక్కర్లేదనుకుంటాను.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి చక్రాన్ని బయటికి తెచ్చాను. పటకారుతో స్క్రూ పట్టి లాగాను. తేలిగ్గా వచ్చేసింది. దాన్ని చూడను కూడా చూడకుండా పక్కకి విసిరేశాను. యుద్ధంలో ఉన్నవాడు ఊడిన బాణాల్ని లెక్కపెడతాడా? యాదయ్య వెళ్లి దాన్ని ఏరుకున్నాడు. పార్కింగ్ శుభ్రంగా ఉంచడం అతని డ్యూటీ.

తర్వాత బరక సూది. వీడియోలో ఆయన దాన్ని చిల్లులో పెట్టి మూడు సెకన్లలో పిడిదాకా దించేశాడు. నేను పెట్టి నొక్కాను. కదల్లేదు. రెండు చేతులతో నొక్కాను. కదల్లేదు. మోకాలు ఆనించి, పళ్లు కరిచిపట్టి తిప్పాను. నా బుగ్గలు ఎర్రబడ్డాయి గానీ సూది మాత్రం పెట్టినచోటే ఉంది.

"గంత గట్టిగ ఎందుకు గుచ్చుతున్రు సార్?" అన్నాడు యాదయ్య. "చిల్లుంటె అదే పోతది కద."

"ఇది మంచి కంపెనీ టైరు. అందుకే గట్టిగా ఉంది."

"ఏమో సార్. మీరు సదువుకున్నోళ్లు."

మామగారు స్టూలు మీద కొంచెం ముందుకి జరిగారు. "చెయ్యి జాగ్రత్తండి అల్లుడుగారూ. జారితే తెగుద్ది." ఆయన గొంతులో బాధ ఉంది. నా చేతి గురించని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడాలోచిస్తే టైరు గురించేమో.

పక్కనే ఎవరో ఫ్లాట్ వాళ్లు వదిలేసిన గ్రానైటు ముక్క కనిపించింది. దాంతో పిడి మీద కొట్టడం మొదలుపెట్టాను. కొట్టాను, తిప్పాను, మళ్లీ కొట్టాను. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఇరవై నిమిషాలు గడిచాయి. చివరికి ఎక్కడో లోపల ఏదో తెగినట్టై, సూది ఒక్కసారిగా పిడిదాకా దిగింది. దాన్ని బయటికి లాగాను. బుస్సుమంటూ గాలి నా ముఖాన కొట్టింది.

లేచి నిలబడ్డాను. "విన్నారా మామగారూ? పంచర్ లేదన్నాడు యాదయ్య! ఇదిగో, ఇది ఏమిటి మరి?"

మామగారు ఆ శబ్దాన్ని కొంతసేపు విన్నారు. "గాలేనండి" అన్నారు.

యాదయ్య నోరు తెరిచాడు. మామగారు అతనివైపు ఒక చూపు చూశారు. యాదయ్య నోరు మూసుకున్నాడు.

మూడుంపావు. అనుకున్నదానికంటే కొంచెమే ఆలస్యం. మొదటి స్ట్రిప్‌కి జిగురు రాసి, కంతసూదికి ఎక్కించి, గురిచూసి పొడిచాను. సూది దిగింది. లాగాను. సూది వచ్చింది, స్ట్రిప్ రాలేదు. భేష్ అనుకుని చూస్తే బయట కొస కూడా లేదు. అంతా టైరు కడుపులోకి వెళ్లిపోయింది. రెండోదాన్ని జాగ్రత్తగా, కొంచెమే దించి లాగాను. సూదితోపాటు అది కూడా బయటికి వచ్చేసింది, దుమ్ముతో, మళ్లీ పనికిరాకుండా. మూడోది లోపలికి. నాలుగోది లోపలికి. టైరు మాత్రం అలా కూలబడుతూనే ఉంది.

ఫోన్ మోగింది. పైనుంచి లావణ్య. "అయిందా?"

"అయిపోవచ్చింది."

"పావుతక్కువ నాలుగైంది. నాన్న ఏమంటున్నారు?"

"ఏమీ అనట్లేదు."

"ఏమీ అనకపోతే భయపడాలి నువ్వు. స్టెప్నీ వేసెయ్, చాలు." ఫోన్లో కాబట్టి నువ్వే.

స్టెప్నీ! ఆ మాట నాకు అప్పటిదాకా తట్టలేదు. డిక్కీలోంచి పాత గొడుగులు, షటిల్ బ్యాట్లు, ఉతకడానికి ఇవ్వాల్సిన కర్టెన్లు తీసి నేల మీద పేర్చి, అట్ట ఎత్తి స్టెప్నీ బయటికి లాగాను. కింద పెట్టగానే అది అప్పడంలా పరుచుకుంది. కారు కొన్నప్పటి నుంచి అందులో గాలి ఉందో లేదో ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. నా బుల్లి పంపు తగిలిస్తే అయిదు నిమిషాలు గుర్రుమంది. స్టెప్నీ నిట్టూర్చింది, అంతే. దాని వాల్వే చెడిపోయి ఉంది.

నాలుగూ ఇరవై. అప్పుడు నాకు మొదటిసారి నిజంగా భయమేసింది. సామర్లకోటలో పీటల మీద కూర్చోవాల్సిన శ్రావణి, ఆ పిల్లకి తాతగారి స్థానంలో నిలబడాల్సిన మనిషి నా ముందు ప్లాస్టిక్ స్టూలు మీద. మధ్యలో నేను, చేతిలో ఒకే ఒక్క స్ట్రిప్.

క్యాబ్ బుక్ చేశాను. మొదటివాడు రద్దు చేశాడు. రెండోవాడు రద్దు చేశాడు. మూడోవాడు ఫోన్ చేసి, "లింగంపల్లి టేసనా? నల్లగండ్ల కాడ మస్తు జామున్నది సార్, మళ్ల రానీకి గిరాకీ దొర్కదు" అని విషయం చెప్పి మరీ రద్దు చేశాడు. యాదయ్యని గేటు బయటి దుకాణానికి పరుగెత్తించాను. తిరిగొచ్చాడు.

"దుకాణం బంద్ సార్. రెండింటికి తెరిచే ఉండె. ఇప్పుడే ఎటో పోయిండంట."

"నీ బండి మీద మామగారిని తీసుకెళ్తావా?"

"తోల్కపోదును సార్. గానీ గేటు మీద నేనొక్కణ్ణే ఉన్న. ఇంకోడు ఆరింటికొస్తడు. గా సంచులు, గా డబ్బ ఎట్ల పెట్టాలె బండి మీద?"

చెమట, గ్రీజు, దుమ్ము కలిసిన ముఖంతో మామగారి వైపు తిరిగాను. "క్షమించండి మామగారూ" అన్నాను.

ఆయన నెమ్మదిగా లేచారు. చేతి వాచీ విప్పి, రుమాల్లో చుట్టి, జేబులో పెట్టుకున్నారు. చొక్కా చేతులు రెండు మడతలు పైకి మడిచారు.

"అల్లుడుగారూ, మీకు అభ్యంతరం లేకపోతే నేనొక్కసారి చూడొచ్చాండీ?"

"చూడండి మామగారూ, చూడండి!"

"మరేం అనుకోరు కదండీ?"

"అయ్యో, లేదండీ!"

"అలాగైతే సరేనండి."

టైము నాలుగున్నర. ఆయన టైరు ముందు గొంతుక్కూర్చున్నారు. అరచెయ్యి టైరు చుట్టూ ఒకసారి పోనిచ్చారు, పసిపిల్లకి నలుగుపెట్టేవాళ్లు ఒళ్లు తడిమి చూసినట్టు. బరక సూదిని చిల్లులో వాటంగా పెట్టి మూడు తిప్పులు తిప్పారు. ఆఖరి స్ట్రిప్‌ని సరిగ్గా మధ్యలోకి ఎక్కించి, జిగురు రాసి, అరచేత్తో ఒక్క పోటు పొడిచారు. రెండు కొసలూ వేలెడంత బయట ఉండగానే ఆపేశారు. కొంచెం తిప్పి, చటుక్కున లాగారు. సూది వచ్చింది. స్ట్రిప్ ఉండిపోయింది. బ్లేడుతో కొసలు కోసి, పంపు తగిలించి, గాలి నిండాక చిల్లు మీద ఉమ్మి రాసి చూశారు. బుడగ రాలేదు.

నేనూ యాదయ్యా గుళ్లో హారతి చూస్తున్నట్టు నిలబడిపోయాం.

"పెద్దసారూ," అన్నాడు యాదయ్య, "మీరు ఏడ పని జేసిన్రు?"

"బస్సు డిపోలో బాబూ. టైర్ల సెక్షను. ముప్పై మూడేళ్లు."

ఇందాక ట్యూబ్‌లెస్ టైర్ల మీద నేనిచ్చిన ఉపన్యాసం ఒక్కో వాక్యమూ నాకు గుర్తొచ్చింది. ఆయన అడిగిన రెండు సందేహాలు కూడా. ఏ పార్కింగ్‌లోనైనా నేల బద్దలై మనిషిని మింగే ఏర్పాటుంటే అది ఆ క్షణాన నాకు పనికొచ్చేది.

"సార్, ఇగో మీ స్క్రూ" అంటూ యాదయ్య అరచెయ్యి చాపాడు. స్క్రూ పొడవు నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. "గిది లోపటి దాంక పోనేలేదు సార్. పైన రబ్బర్ల ఆగింది. పంచర్ లేకుండె. మీరే జేసిన్రు."

ఇంత సూటిగా బగ్ రిపోర్టు రాసినవాణ్ణి నా పన్నెండేళ్ల సర్వీసులో చూడలేదు.

"పోనీలే బాబూ" అన్నారు మామగారు, వాచీ పెట్టుకుంటూ. "ఇవాళ కాకపోతే రేపు పడేదేగా."

నాలుగూ నలభైకి బయల్దేరాం. నల్లగండ్ల దగ్గర కార్లన్నీ ఒకదాన్నొకటి వాసన చూసుకుంటూ నిలబడ్డాయి. ఇక ఆగలేక అడిగేశాను.

"మామగారూ, అది పంచర్ కాదని మీకెప్పుడు తెలిసింది?"

"నిన్న రాత్రేనండి. భోజనాలయ్యాక చెత్త పారెయ్యడానికి కిందికొచ్చి చూశాను. తెల్లారి పీకేద్దామనుకున్నానండి."

"మరి చెప్పొచ్చు కదండీ!"

"ఎలా చెప్తానండి?" అన్నారు ఆయన, నేనేదో అడగరానిది అడిగినట్టు. "అమ్మాయి పొద్దున్నే వాళ్లమ్మకి ఫోన్ చేసింది. మా ఆయన ఇవాళ పంచర్ వేస్తారట అని ఎంత మురిసిపోయిందండీ! ఆ మాట విన్నాక నేనెలా అడ్డొస్తానండి?"

"రైలు తప్పిపోతే?"

"ఆ భయం ఉందండి. ఉన్న మాట చెప్పొద్దూ, మీరు మూడో స్ట్రిప్ లోపలికి పంపినప్పుడు దేవుడికి దండం పెట్టుకున్నాను."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కన్నతండ్రి కూడా తన కొడుకు మూర్ఖత్వాన్ని అంత ఓపిగ్గా కూర్చుని చూడడు. ఆ మనిషి మీద అప్పుడు కలిగిన ప్రేమ నాకింతవరకూ తగ్గలేదు.

అయిదూ ఇరవై మూడుకి స్టేషన్. మూడు సంచులు నేను, పళ్లపెట్టె ఆయన. మెట్లు ఎక్కి దిగి బోగీలోకి ఎక్కించేసరికి గార్డు జెండా తీస్తున్నాడు. మర్నాడు తాంబూలాలు మామగారి చేతుల మీదుగానే మారాయి. ఫొటోల్లో శ్రావణి పట్టుచీరలో మెరిసిపోతోంది. చీర పెట్టిన సంచికి ఒక మూల నల్లటి గ్రీజు చేతి ముద్ర ఉంది. అది నాదే.

కథ ఇక్కడితో అయిపోతే నా అదృష్టం. అయిపోలేదు.

రెండు నెలల తర్వాత శ్రావణి పెళ్లి. మేమూ సామర్లకోట వెళ్లాం. కల్యాణమండపంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ చుట్టాలు నావైపు ప్రత్యేకంగా చూస్తున్నారు. ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "ఈ చేతులేనా నాయనా?" అని కళ్లకద్దుకుంది. నాకేమీ అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. రైలు అంత హడావిడిగా అందుకున్నారేమిటని నిశ్చితార్థంలో ఎవరో అడిగితే, మామగారు ఇలా చెప్పారట: "బయల్దేరేముందు టైరు ఇబ్బంది పెట్టిందండి. మా అల్లుడుగారు గంటల తరబడి ఎండలో నేల మీద కూర్చుని కష్టపడ్డారండి. అంత చదువుకున్న మనిషి!" ఇందులో ఒక్క అబద్ధం లేదు. పార్కింగ్‌లో ఎండ లేదన్నది తప్ప.

పెళ్లైంది. అప్పగింతలయ్యాయి. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఎక్కి కూర్చున్న పూలకారు కదిలి, నాలుగడుగులు వేసి, ఒక పక్కకి వాలింది. వెనక టైరు. ఈసారి నిజమైన పంచరే. దుర్ముహూర్తం వచ్చేలోపు పిల్ల ఊరు దాటాలని పంతులుగారు తొందరపెడుతున్నారు. ఎవరో అరిచారు.

"హైదరాబాద్ అల్లుడుగారు ఉన్నారుగా!"

నలభై మంది నావైపు తిరిగారు. ఎవరో డ్రైవర్ దగ్గరున్న కిట్టు తెచ్చి నా చేతిలో పెట్టారు. అదే బరక సూది.

ఇక దాచి లాభం లేదనుకుని, గొంతు సవరించుకుని నిజం చెప్పేశాను. "నాకు పంచర్ వెయ్యడం రాదండీ. ఆ రోజు మంచి టైరుకి చిల్లు పెట్టింది నేను. బాగుచేసింది మామగారు. ఆయన లేకపోతే రైలే దొరికేది కాదు."

ఇందాకటి పెద్దావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "విన్నారా! చేసిందంతా తను చేసి, పేరు మామకిస్తున్నాడు. ఈ రోజుల్లో ఇంత వినయం ఎక్కడుందమ్మా?"

చప్పట్లు కొట్టారు. నిజంగా కొట్టారు.

మామగారు జనంలోంచి నా పక్కకి వచ్చి మెల్లగా అన్నారు. "అల్లుడుగారూ, మీరు కొంచెం అడ్డంగా నిలబడి, మీ పంచె అంచు ఇలా చాపి పట్టుకోండి. నేను కానిచ్చేస్తాను." నేను అడ్డంగా నిలబడ్డాను. పంచె చాపాను. నా వెనక ఆయన గొంతుక్కూర్చుని ఏడు నిమిషాల్లో పని ముగించారు. కారు కదిలింది. ఆశీర్వాదాలన్నీ నాకు వచ్చాయి.

ఆ సాయంత్రం వాళ్లింటి అరుగు మీద, సూర్యుడికి ఎదురుగా నిలబడి, కుడిచెయ్యి చాపి మామగారి సమక్షంలో గట్టిగా ప్రమాణం చేశాను. "మామగారూ, ఇకమీదట గాలి నిండిన ఏ వస్తువు దగ్గరకీ మొన ఉన్న ఏ వస్తువూ పట్టుకుని వెళ్లను. కారు, స్కూటరు, సైకిలు, పుట్టినరోజు బెలూన్లు, దేన్నీ నా చేత్తో బాగు..."

ఆరేళ్లలో ఆయన ఒక్కసారి కూడా నా మాటకి అడ్డు రాలేదు. ఆ రోజు మాత్రం నా మాట పూర్తికాకముందే రెండు చేతులూ జోడించారు.

"చాలా మంచి నిర్ణయమండీ, అల్లుడుగారూ."